విద్యాసుందరి బెంగుళూరు నాగరత్నమ్మ: జీవితము - కృషి

ఆంధ్రదేశపు ఎల్లల కావల తెలుగు భాష బ్రతికి బట్టకట్టిన తీరును పరిశీలించువారికి ఒక విశేషము తప్పక గోచరించును. రాజాస్థానము, దేవాలయము, సంగీత సభ అను మూడింటి ఆశ్రయమున మన భాష కావేరీ తీరమునను, మైసూరు సీమయందును శతాబ్దుల తరబడి నిలిచినది. ఆ నిలుకడలో స్త్రీల పాలు స్వల్పము కాదు. పదములు పాడినవారు, కృతులను కంఠస్థము చేసి తరువాతి తరమునకు అందించినవారు, కావ్యములు రచించినవారు వారిలో పెక్కురు కలరు. అయినను సాహిత్య చరిత్రలలో వారి పేళ్ళు అరుదు. ఉన్నచోట కూడ పేరు ప్రక్కనే ఒక నిందావాక్యము ఉండుట కద్దు. ఆ నిందకు బదులు చెప్పుటకు 1910లోనే కలము పట్టిన విదుషీమణి బెంగుళూరు నాగరత్నమ్మగారు.

వారి పుట్టుక కన్నడ నాట, జీవిక తమిళ నాట, వారు ప్రచురించిన గ్రంథము తెలుగున. స్త్రీకి వ్రాయు హక్కు కలదా, ఆ వ్రాతను ప్రకటించు హక్కు కలదా, పదిమంది ఎదుట దేవుని సన్నిధిని పాడు హక్కు కలదా అను మూడు ప్రశ్నలు వారి జీవితమున ఒకదాని వెంట నొకటి ఎదురైనవి. మూడింటికిని వారు కార్యరూపమున సమాధానము చెప్పిరి.

బాల్యము - విద్యాభ్యాసము

నాగరత్నమ్మగారు 1878వ సంవత్సరము నవంబరు 3వ తేదీన మైసూరు సంస్థానములోని నంజనగూడు ప్రాంతమున జన్మించిరి. తల్లి పుట్టలక్ష్మమ్మ దేవదాసీ కులమునకు చెందిన గాయని. తండ్రి సుబ్బారావు అను వకీలు. ఆయన తల్లీబిడ్డలను విడిచిపెట్టెను. దిక్కులేని స్థితిలోను పుట్టలక్ష్మమ్మ బిడ్డకు విద్య చెప్పించుటయే దీక్షగా పెట్టుకొనెను. మైసూరులో గిరిభట్ట తిమ్మయ్యగారివద్ద సంస్కృత పాఠము సాగినది. ఆ ఆశ్రయము తప్పిపోగా తల్లి బిడ్డను వెంటబెట్టుకొని ఊళ్ళు తిరిగి, తుదకు బెంగుళూరు చేరెను. అచట మునిస్వామప్పగారి శిక్షణలో సంగీతము అబ్బినది. ఆ గురుపరంపర త్యాగరాజస్వామి శిష్యులలో ప్రసిద్ధులైన వాలాజాపేట వారిది. కన్నడము, తెలుగు, సంస్కృతము మూడు భాషలందును నాగరత్నమ్మగారికి పాండిత్యము కుదిరినది. తరువాతి కాలమున ఆ మూడు భాషలలోను హరికథలు చెప్పిరి.

ఈ విద్యాభ్యాసము విలువను గ్రహించుటకు నాటి పరిస్థితిని తలచుకొనవలెను. గృహిణులకు అక్షరాభ్యాసమే అపచారమని తలచు కుటుంబములు నాడు లెక్కకు మిక్కిలి. సంస్కృత కావ్యము చదివి, తెలుగు ప్రబంధమునకు అర్థము చెప్పి, గజ్జె కట్టి, సభలో పాడగల స్త్రీలు దాదాపుగా దేవదాసీ కుటుంబములందే ఉండిరి. విద్య వారికి వారసత్వము. కాని ఆ విద్యకు వెలగా సంఘము గౌరవమును లాగుకొనెను. ఈ వైరుద్ధ్యమే నాగరత్నమ్మగారి జీవితమంతటికి భూమిక.

మైసూరు, బెంగుళూరులలో గాయనిగా పేరు గడించిన పిదప, ఇరువదవ శతాబ్ది ఆరంభమున వారు మద్రాసు చేరిరి. ఆ నగరము అప్పటికే తెలుగు అచ్చుకూటములకును, సంగీత సభలకును కేంద్రము. స్వార్జితముతో ఇల్లు, నగలు, పరపతి సంపాదించి, ఆదాయపు పన్ను చెల్లించిన తొలి కళాకారిణులలో ఒకరని పేరొందిరి. ఒకరి దయమీద గాక తన విద్యమీద నిలిచిన స్త్రీకి ఉండు ధైర్యము వారి తరువాతి కార్యములన్నిటను కనిపించును.

ముద్దుపళని - రాధికాసాంత్వనము

తంజావూరు నాయకరాజుల కాలమున తెలుగు అచట ఆస్థాన భాష. రఘునాథ నాయకుని కొలువున రామభద్రాంబ, మధురవాణి. విజయరాఘవుని కొలువున రంగాజమ్మ వంటి కవయిత్రులు వెలసిరి. నాయకుల తరువాత వచ్చిన మరాఠా ప్రభువులును తెలుగును వదలలేదు. ఆ వంశమువాడైన ప్రతాపసింహుడు 1739 మొదలు 1763 వరకు ఏలెను. అతని ఆస్థాన విదుషి ముద్దుపళని. ఆమె రచించిన రాధికాసాంత్వనము నాలుగాశ్వాసముల శృంగార ప్రబంధము. తాను పెంచిన ఇళాకన్యను కృష్ణునికిచ్చి పెండ్లి చేసిన రాధ, పిదప విరహముతోను ఈర్ష్యతోను కుందుట, కృష్ణుడు వచ్చి ఆమెను అనునయించుట ఇందలి కథ. స్త్రీ కోరికను స్త్రీయే తన నోట చెప్పుట దీనియందలి ప్రత్యేకత. మగవాడు కోరి, స్త్రీ అలుకమాని లొంగుట అను వాడుక త్రోవ విడిచి, ఇచట నాయిక కోరును, అలుగును, అడుగును; నాయకుడు బ్రతిమాలును. ఇంకొక విశేషము, ముద్దుపళని తన వంశమును చెప్పునపుడు నాయనమ్మ, తల్లి మొదలైన స్త్రీల పేళ్ళను గర్వముతో స్మరించినది.

నాగరత్నమ్మగారికి ఈ గ్రంథము సులభముగా దొరకలేదు. తంజావూరి తెలుగు సాహిత్య విషయమైన ప్రస్తావనలో ముద్దుపళని పేరు చూచి, పుస్తకమునకై వెదకి, ఒక అచ్చు ప్రతిని సంపాదించిరి. అది బ్రౌను దొరవద్ద పనిచేసిన పైడిపాటి వెంకటనరసుగారు 19వ శతాబ్ది చివర ప్రకటించిన ప్రతి. తరువాత వ్రాతప్రతి కూడ చేతికి వచ్చెను. రెండింటిని సరిపోల్చగా అచ్చు ప్రతిలో కొన్ని పద్యములును, కవయిత్రి తన్నుగూర్చి చెప్పుకొన్న పీఠికా భాగమును లోపించినట్లు తేలినది. కవయిత్రి తాను ఎవరో చెప్పుకొన్న పద్యములు లేనిదే గ్రంథము పూర్ణము కాదని తలచి, నాగరత్నమ్మగారు పాఠమును పరిష్కరించి, వావిళ్ల రామస్వామి శాస్త్రులు అండ్ సన్సు వారి ద్వారా 1910లో సమగ్ర ముద్రణము వెలువరించిరి. తాళపత్రమును, ముద్రిత ప్రతిని దగ్గర పెట్టుకొని పాఠాంతరములు పరిశీలించుట పండితుల పని. ఆ పనిని ఒక స్త్రీ, అందును దేవదాసీ కులమున బుట్టిన స్త్రీ, చేయుట తెలుగు ప్రచురణ చరిత్రలో స్మరింపదగిన సంఘటన.

పంతులుగారి నింద - పీఠికలోని సమాధానము

ముద్రణకు ముందే ఈ కావ్యము నిందకు పాత్రమైనది. కందుకూరి వీరేశలింగము పంతులుగారు ఆంధ్ర కవుల చరిత్రమున ముద్దుపళని కవితలోని మృదుత్వమును, పాండిత్యమును అంగీకరించుచునే, ఆమె నడవడిని దూషించి, కావ్యమునందలి కొన్ని భాగములు స్త్రీలు వినదగనివి, స్త్రీ నోట వెలువడదగనివి అను భావమున విమర్శించిరి. పంతులుగారు సామాన్యులు కారు. 1881లో రాజమహేంద్రవరమున తొలి వితంతు వివాహము జరిపించి, స్త్రీ విద్యకై పాటుపడి, వేశ్యావ్యవస్థను ఖండించి, సంఘమునకు మేల్కొలుపు పాడినవారు. అట్టివారి మాటకు ఎదురు చెప్పుటకు నాడు పురుష పండితులే సందేహించెడివారు.

నాగరత్నమ్మగారు సందేహింపలేదు. తమ పీఠికలో పంతులుగారిని గౌరవముతోనే పేర్కొని, సూటిగా కొన్ని ప్రశ్నలు వేసిరి. సిగ్గు, మర్యాద అనునవి స్త్రీలకే గాని పురుషులకు వర్తింపవా యనునది మొదటిది. వేశ్య గనుక ఆమె సంభోగ శృంగారమును విచ్చలవిడిగా వర్ణించినదని అందురేని, గృహస్థులైన పురుష కవులు అంతకంటె అధికముగా వర్ణించిన సంగతి ఏమి చెప్పవలెననునది రెండవది. పంతులుగారు స్వయముగా చూచి ప్రకటనకు ఆమోదించిన వైజయంతీవిలాసమున ఉన్నంత ఈ కావ్యమున కలదా యనునది మూడవది. ఆ ప్రశ్నలలో ఆగ్రహము కన్న తర్కము హెచ్చు. కావ్యమునందలి శృంగారమును ఆక్షేపించుట ఒకటి, ఆ శృంగారమును స్త్రీ వ్రాసినదని ఆక్షేపించుట వేరొకటి. నాగరత్నమ్మగారు ఈ రెంటికి గల భేదమును విప్పి చూపిరి. ఒకే కొలత అందరికి ఉండవలెనని వారి వాదము. స్త్రీ హక్కుల చర్చ సారమంతయు ఈ ఒక్క మాటలో ఇమిడియున్నదని చెప్పవచ్చును.

ఇందు చదువరులు గమనింపదగిన పాఠము కలదు. స్త్రీని దురాచారముల నుండి ఉద్ధరింపబూనిన సంస్కర్తకే, తనకు తాను మాట్లాడు స్త్రీ కంటికి నలుసుగా తోచినది. ఉద్ధరణ పొందు స్త్రీ మౌనముగా ఉండవలెనను తలంపు ఆనాటి సంస్కరణోద్యమమున అంతర్లీనముగా నుండెను. పంతులుగారి మహోపకారమును తగ్గించి చెప్పనక్కరలేదు. కాని ఆ పరిమితిని మరుగుపరచుటయు సత్యము కాదు.

నిషేధము - విముక్తి

వివాదము పత్రికలతో ఆగలేదు. గ్రంథము అశ్లీలమను ఫిర్యాదు ప్రభుత్వమునకు చేరెను. 1911లో రక్షక భటులు ప్రతులను స్వాధీనము చేసికొనిరి. వావిళ్లవారు ప్రకటించిన మరికొన్ని శృంగార కావ్యములకును అదే గతి పట్టినది. సంస్కృతాంధ్ర పండితులు పలువురు ప్రాచీన వాఙ్మయమునకు ఇది అపచారమని విజ్ఞప్తులు చేసినను ఫలింపలేదు. తెలుగు తెలియని అధికారులు అనువాద ఖండములను బట్టి తెలుగు కావ్యము మంచిచెడ్డలను నిర్ణయించిరి.

ఈ నిషేధము మూడు దశాబ్దులకు పైబడి సాగినది. టంగుటూరి ప్రకాశము పంతులుగారు మద్రాసు రాష్ట్ర ప్రధానిగా ఉన్న కాలమున ఆయన చొరవవలన 1947లో అది తొలగినది. 1952లో వావిళ్లవారు మరల గ్రంథమును అచ్చువేసిరి. నాగరత్నమ్మగారు కన్నుమూసినది ఆ ఏడే. తరువాత హైదరాబాదు పరిశోధకురాలు కె. లలిత, సూసీ తారు గార్లు సంపాదకత్వము వహించి 1991లో ప్రకటించిన భారతీయ మహిళా రచనల ఆంగ్ల సంకలనము ఈ వృత్తాంతమును ప్రముఖముగా చర్చించుటతో ముద్దుపళని, నాగరత్నమ్మల పేళ్ళు దేశవిదేశముల పండితులకు తెలిసినవి.

తిరువయ్యారు - పాడు హక్కు

త్యాగరాజస్వామి 1847 జనవరి 6న, పుష్య బహుళ పంచమినాడు తిరువయ్యారున సిద్ధి పొందిరి. కావేరి ఒడ్డున వారి సమాధి కాలక్రమమున శిథిలమయ్యెను. శిష్య ప్రశిష్యులు 20వ శతాబ్ది ఆరంభమున ఆరాధనోత్సవములు మొదలిడిరిగాని, వారిలో పెరియ కచ్చి, చిన్న కచ్చి యని రెండు పక్షములు ఏర్పడి పోటీ ఉత్సవములు సాగినవి. సమాధి స్థితి మాత్రము మెరుగుపడలేదు. బిడారం కృష్ణప్పగారు ఆ దుస్థితిని గూర్చి తెలుపగా నాగరత్నమ్మగారి మనస్సు కలత చెందెను. వారు తమ సొమ్ము వెచ్చించి, నగలమ్మి, స్థలము సంపాదించి, 1921లో ఆలయ నిర్మాణమునకు పునాది వేయించిరి. 1925లో కుంభాభిషేకము జరిగినది. నేడు తిరువయ్యారున యాత్రికులు దర్శించు ఆలయము ఇదియే.

కట్టించినది ఆమె; కాని ఆ సన్నిధిని పాడుటకు ఆమెకు అనుమతి లేదు! రెండు కచ్చులవారు వేరు విషయములలో కలహించుకొన్నను, స్త్రీలకు ఉత్సవమున పాటకు చోటీయరాదనుటలో మాత్రము ఏకీభవించిరి. నాగరత్నమ్మగారు వీధిలో కలహింపక, వేరొక మార్గము తొక్కిరి. 1927లో సాటి కళాకారిణులను కూడగట్టుకొని గుడి వెనుక భాగమున స్త్రీల ఉత్సవము నడిపిరి. జనులు దానికి పెంగళ్ కచ్చి, అనగా ఆడవారి పక్షమని పేరు పెట్టిరి. పాట బాగున్నచోటికి శ్రోతలు రాక మానరు. క్రమముగా ఆ పక్షమునకు బలము చేకూరెను. 1940-41 ప్రాంతమున మూడు పక్షములును కలిసి ఒక్క ఉత్సవముగా నడుచుటకు అంగీకారము కుదిరినది. స్త్రీలకు పాటలో స్థానము లభించినది. పంచరత్న కృతులను అందరును కలిసి పాడు ఆచారము ఆ కాలముననే ప్రారంభమైనది. నేడు ఏటేట పుష్య బహుళ పంచమినాడు స్త్రీపురుషులు ఒక్క గొంతుగా తెలుగు కృతులు పాడుచుండగా, ఆ స్త్రీల వరుస వెనుక ఎంతటి పోరాటము కలదో తెలిసినవారు కొలదిమంది.

త్యాగరాజస్వామి ములకనాటి తెలుగు కుటుంబమునకు చెందినవారు. తమిళ నాట పుట్టి పెరిగి తెలుగున పాడినవారు. ఆ వాగ్గేయకారుని స్మృతిని నిలిపినది కన్నడ నాట పుట్టిన స్త్రీ. సంస్కృతమున వారు కూర్చిన త్యాగరాజ అష్టోత్తర శతనామావళి స్వామి అర్చనకు వినియోగపడుచున్నది.

దేవదాసీ శాసనము - రెండు వాదములు

నాగరత్నమ్మగారి జీవితమున మిక్కిలి చర్చకు తావిచ్చు ఘట్టమిది. మైసూరు సంస్థానము 1909లోనే దేవాలయములందు దేవదాసీ సేవను నిలిపివేసెను. మద్రాసు శాసన మండలిలో డాక్టరు ముత్తులక్ష్మీరెడ్డిగారు 1927లో ఆ వ్యవస్థను రద్దుచేయవలెనని తీర్మానము తెచ్చిరి. ముత్తులక్ష్మిగారి తల్లియు దేవదాసీ కుటుంబమునకు చెందినదే. పసిబిడ్డలను గుడికి అంకితము చేసి, వయస్సు రాగానే ధనికుల పాలు చేయుట అమానుషమని ఆమె వాదము. ఆ బాలికల కన్నీటిని వైద్యురాలిగా ఆమె కన్నులార చూచినది. ఆశ్రయము కోరివచ్చిన బాలికలకు అవ్వై ఇల్లమను శరణాలయమును ఏర్పరచినది. దేవదాసీ కులముననే పుట్టిన మూవలూరు రామామిర్తమ్మాళ్ వంటివారు ఆమె పక్షమున నిలిచిరి.

నాగరత్నమ్మగారు ఎదుటి పక్షమున నిలిచిరి. మద్రాసు రాజధానిలోని దేవదాసీలు సంఘముగా ఏర్పడి, ప్రభుత్వమున శాసన సభ్యులుగా నుండిన సి. పి. రామస్వామి అయ్యరుగారికి విజ్ఞప్తి పత్రమిచ్చిరి. దేవదాసి వేరు, వేశ్య వేరు. కొందరి పతనమునుబట్టి ఒక కులమంతటిని నేరస్థుల క్రింద జమకట్టరాదు. తమను గూర్చి శాసనము చేయునపుడు తమ అభిప్రాయము వినవలెను. నిషేధమునకు బదులు తమ బిడ్డలకు విద్య, సంగీత నాట్య శిక్షణ కల్పింపవలెనని వారి కోరిక.

ఈ వాదమునకు వెనుక ఆస్తి ప్రశ్న కూడ ఉండెను. నాటి హిందూ ధర్మశాస్త్ర వ్యవస్థలో కుటుంబ స్త్రీకి ఆస్తిపై సంపూర్ణాధికారము లేదు. దేవదాసీ కులాచారమును బట్టి ఆస్తి తల్లినుండి కూతురికి సంక్రమించును. ఆడపిల్లను దత్తత చేసికొనుటకును వారికి అధికారము కలదు. గుడి సేవకు ప్రతిఫలముగా ఈనాము భూములుండెడివి. సేవ పోయినచో భూమియు పోవునేమో యను భయము సహజము. 1929 నాటి శాసనము సేవతో నిమిత్తము లేకుండ ఆ భూములను వారికే నిలుపుటకు ఏర్పాటు చేసినది. తుదకు 1947లో మద్రాసు రాష్ట్రమున దేవదాసీ అంకిత నిరోధక శాసనము వెలువడెను. ఇతర హిందూ స్త్రీలకు ఆస్తిపై సంపూర్ణ హక్కు 1956 నాటి వారసత్వ చట్టముతో గాని రాలేదు.

నేటి దృష్టితో చూచినచో బాలికలను అంకితమిచ్చు ఆచారము పోవలసినదే. దానిని మాన్పించుటలో ముత్తులక్ష్మిగారి పక్షమే న్యాయము. అయితే ఆ ఆచారముతోపాటు ఆ స్త్రీల వృత్తి, ప్రతిష్ఠ, సభలోని స్థానము కూడ పోయినవి. వారు శతాబ్దులు కాపాడిన పదములు, నాట్యము ఇతర కులముల బాలికలకు గౌరవ విద్యలైనవి. నేర్పినవారు మాత్రము తమ పుట్టుకను దాచుకొనవలసి వచ్చెను. నాగరత్నమ్మగారు హెచ్చరించినది ఈ నష్టమును గూర్చియే. శాసనము గుణమును, ఆ హెచ్చరికలోని సత్యమును రెంటిని గ్రహించుట న్యాయబుద్ధికి లక్షణము.

చరమ దశ - వారసత్వము

జీవితపు చివరి సంవత్సరములు వారు తిరువయ్యారుననే గడపిరి. తమ ఆస్తిని త్యాగరాజస్వామి సమాధి సేవకే సమర్పించి, అచట స్త్రీలు కూడ అర్చించుటకును, పాడుటకును హక్కు ఉండవలెనని ఏర్పాటు చేసిరి. 1952 మే 19న పరమపదించిరి. స్వామి సన్నిధికి చేరువనే వారి సమాధియు వెలసినది. అచట చేతులు జోడించి స్వామివైపు చూచుచున్న వారి విగ్రహమును నేటికిని చూడవచ్చును. 2007లో వి. శ్రీరామ్‌గారు ఆంగ్లమున ప్రకటించిన ‘ది దేవదాసి అండ్ ది సెయింట్’ అను గ్రంథము వారి జీవిత చరిత్రను సవివరముగా తెలుపుచున్నది.

నాగరత్నమ్మగారు ఏ సభలోను హక్కులను గూర్చి ఉపన్యాస పరంపర సాగించినవారు కారు. ఒక గ్రంథమును లోపములేకుండ అచ్చువేయించిరి, ఒక గుడి కట్టిరి, ఒక ఉత్సవము నడిపిరి, ఒక విజ్ఞప్తి వ్రాసిరి. అయినను ఆ నాలుగు పనులవలన స్త్రీ వ్రాతకు, పాటకు, మాటకు ఎదురైన నాలుగు అడ్డంకులు సడలినవి.

ఆంధ్రేతర రాష్ట్రములందు స్థిరపడిన తెలుగువారికి ఈ చరిత్రవలన రెండు ప్రయోజనములు కలవు. మన వాఙ్మయము ఆంధ్రదేశమున మాత్రమే పుట్టలేదనుట మొదటిది. రాధికాసాంత్వనము తంజావూరున పుట్టి, మద్రాసున అచ్చై, బెంగుళూరు పేరుగల విదుషి చేతిమీదుగా వెలుగు చూచినది. తంజావూరు సరస్వతీ మహలున నేటికిని తెలుగు వ్రాతప్రతులు పెక్కులున్నవి. వానిని చదువగలవారు తరిగిపోవుచున్నారు. మన బిడ్డలకు తెలుగు లిపియే రానిచో ఆ తాళపత్రములు మూగవోవును. రెండవది, మన ఇండ్లలో అవ్వలు పాడు మంగళహారతులు, పెండ్లిపాటలు, జోలపాటలు కూడ వాఙ్మయమేయని గుర్తించుట. ఆ పాటలను వ్రాసియుంచునపుడు క్రింద పాడినవారి పేరు కూడ వ్రాయవలెను. కవయిత్రి తన్నుగూర్చి చెప్పుకొన్న పద్యములు లేని ప్రతి పూర్ణము కాదని నాగరత్నమ్మగారు 1910లో చూపిన త్రోవ ఇదియే.